బిలాస్‌పూర్‌లో చీర కట్టిన బొమ్మ

మీరు బిలాస్‌పూర్ వెళ్ళి ఉండరు. వెళ్ళినా ప్లాట్‌ఫారం మీద టీ తాగి, రైలు కదిలేలోగా ఎక్కేసి ఉంటారు. మొన్నటిదాకా నేనూ అంతే. ఈసారి దిగాను. శుక్రవారం నుంచి ఆదివారం దాకా ఉన్నాను. వెళ్ళింది ఒక బొమ్మ చూడ్డానికి. ఆ బొమ్మ సంగతి మీకు చెబుదామనే ఇది రాయడం మొదలుపెట్టాను. ఎంతవరకు చెప్పగలనో చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

మాది విజయనగరం. నేను బొమ్మల గురించి రాస్తుంటాను. వేయను. వేయడం వచ్చుంటే రాసే ఖర్మ ఎందుకని మా ఆవిడ వచ్చిన చుట్టాలందరితో అంటూ ఉంటుంది. అలా రాసే నాకు ఒకరోజు ఫోన్లో ఒక ఆడపిల్ల గొంతు వచ్చింది. పేరు లక్ష్మి, ఇంట్లో పింకీ అంటారట. బిలాస్‌పూర్ స్టేషన్లో టికెట్ కౌంటర్‌లో ఉద్యోగం. తాతగారు మా జిల్లా నుంచే రైల్వే పనికి వెళ్ళి అక్కడే ఉండిపోయారు. తెలుగు మాట్లాడుతుంది గానీ చదవడం, రాయడం కష్టం, అందుకే ఉత్తరం రాయకుండా మాటల్లో పంపింది. తను ఆడవాళ్ళ బొమ్మలు వేసిందట. తెలుగు సంఘం హాల్లో పెడితే గొడవైందట. "మీరొచ్చి మీనింగ్ చెప్తే వీళ్ళు ఒప్పుకుంటారు అంకుల్" అంది. ఇంత గౌరవంగా నన్ను ఎవరూ పిలవలేదు, టికెట్ కొనేశాను.

చేగోడీల డబ్బా

రైల్లో ఎదుటి బెర్తులో పార్వతీపురం ఆవిడ ఒకరున్నారు. రాయపూర్‌లో కూతురి దగ్గరికి వెళ్తున్నారు. చేగోడీల డబ్బా తెరిచి నా ముందు పెట్టి, ఏ పని మీద వెళ్తున్నారని అడిగారు. ఆడవాళ్ళ బొమ్మలు చూడ్డానికండీ అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి డబ్బా మూత పెట్టేశారు. అవి రంగులతో వేసిన బొమ్మలని, వేసింది కూడా ఆడపిల్లేనని, నేను వాటి మీద ఉపన్యాసం ఇవ్వాలని వివరించాను. మూత తెరుచుకుంది. వాటిలో ఒకదానికి ఒంటిమీద బట్టల్లేవట అన్నాను. మళ్ళీ మూత పడింది.

ఇంక లాభం లేదని కళ గురించి పాఠం మొదలుపెట్టాను. వందల ఏళ్ళుగా మగవాళ్ళు ఆడవాళ్ళని పడుకోబెట్టి బొమ్మలు వేశారు, ఇప్పుడు ఆడవాళ్ళు తమ ఒంటిని తామే వేసుకుంటున్నారు, అది కూడా నవ్వుతూ, ఎదుటివాణ్ణి ఉడికిస్తూ వేస్తున్నారు అని చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విన్నారు. అంతా విని, "ఆ పిల్లకి పెళ్ళయిందాండీ?" అని అడిగారు. నా అల్మారాలో కళ మీద ఇంత లావు పుస్తకాలున్నాయి. ఏ ఒక్కదాంట్లోనూ దీనికి జవాబు లేదు. తెలీదండీ అన్నాను. రెండు చేగోడీలు ఇచ్చారు, అదే ఎక్కువనుకున్నాను.

దయాల్‌బంద్‌లో పొద్దున్న

దయాల్‌బంద్‌లో ఒక చిన్న లాడ్జిలో దిగాను. పక్కనే ఫలహారాల బండి. మనం అటుకులు బెల్లంతోనో పెరుగుతోనో తింటాం, లేదా కృష్ణాష్టమికి గుర్తుచేసుకుంటాం. వీళ్ళకి రోజూ పొద్దున్న అదే. పసుపు వేసి, ఉల్లిపాయలతో మగ్గబెట్టి, పైన సన్న కారప్పూస చల్లి, పక్కన వేడి జిలేబీ పెట్టి ఇస్తారు. ముప్ఫై రూపాయలు. కారం ఒక ముద్ద, తీపి ఒక ముక్క. ఇదేం జోడీ అనుకుంటూనే రెండో ప్లేటు తీసుకున్నాను. బియ్యప్పిండితో పోసే చీలా అనే అట్టు కూడా ఉంది, టమాటా పచ్చడితో. మన అట్టుకి వరసైనదే, కాకపోతే మినప్పప్పు లేదు.

అక్కడే ఒక ప్రమాదం జరిగింది. ఉపన్యాసం కాగితాలు ఒళ్ళో పెట్టుకుని దిద్దుకుంటూ తింటున్నాను. జిలేబీ పాకం కారి మూడో పేజీ, నాలుగో పేజీ అతుక్కుపోయాయి. ఆ రెండిట్లోనే నా గొప్ప వాక్యాలన్నీ ఉన్నాయి. బండివాడు నీళ్ళు చల్లి విడదీయబోయాడు. దాంతో అక్షరాలు కూడా కలిసిపోయాయి.

దండం

పింకీ మధ్యాహ్నం దాకా డ్యూటీలో ఉంటుందని సంఘం కార్యదర్శి సూర్నారాయణ గారు నన్ను తీసుకెళ్ళడానికి వచ్చారు. రిటైరైన గార్డు. చివరి పెట్టెలో కూర్చుని జీవితమంతా ముందు ఏం జరుగుతోందో ఊహించుకుంటూ గడిపిన మనిషి, అందుకేనేమో ప్రతి విషయానికీ ముందే భయపడతారు.

హాలు రైల్వే కాలనీలో ఉంది. పెళ్ళిళ్ళు, భజనలు, అమ్మవారి ఘటాల పండగ, పేకాట అన్నీ అందులోనే. లోపలికి అడుగుపెట్టగానే ఎదుటి గోడంతా అమ్మవారు. పసుపంచు ఎర్రచీర, తీర్చిన కుచ్చిళ్ళు, ముఖం మీదికి ముసుగు, మెడ దాకా మందార దండలు, కింద దీపం, కర్పూరం వాసన. మా ఊళ్ళో పుట్టినవాడి చేతులు ఇలాంటి చోట వాటంతటవే కలుస్తాయి. చెప్పులు విప్పి, కళ్ళు మూసుకుని దండం పెట్టుకున్నాను. పళ్ళెంలో కుంకుమ తీసి బొట్టు పెట్టుకున్నాను. హాల్లో ఉన్న నలుగురైదుగురు తృప్తిగా చూశారు. తర్వాత సూర్నారాయణ గారిని ఆ పెద్ద బొమ్మ ఎక్కడుందని అడిగాను.

"ఇప్పుడు మీరు దండమెట్టింది దానికేనండి" అన్నారాయన.

జరిగిందేమిటంటే, పింకీ ఎనిమిది అడుగుల కాన్వాసు మీద ఆ బొమ్మ వేసి, సిర్గిట్టిలో ఒక వర్క్‌షాపులో ఇనప ఫ్రేము వెల్డింగ్ చేయించి గోడకి బిగించింది. కమిటీలో ఐదుగురు మగవాళ్ళు వచ్చి చూశారు. చూసి తీసేయమన్నారు. తీయబోతే ఫ్రేము కదల్లేదు. అందుకని దుప్పటి కప్పారు. తెల్ల దుప్పటి కప్పితే శవం మీద కప్పినట్టుంది, అశుభం అన్నారు. దుప్పటి మీదుగా కప్పమని సూర్నారాయణ గారు తన భార్య చీర ఒకటి తెచ్చారు. కప్పే పని ఆవిడకే అప్పగించారు. చీర చేతికిస్తే ఊరికే వేలాడదీయడం మన ఆడవాళ్ళకి చేతకాదు. ఆవిడ కుచ్చిళ్ళు పోసి, పైట తీర్చి, పిన్నులు పెట్టి, ఘటాల పండక్కి అమ్మవారిని ముస్తాబు చేసినట్టు చేసేశారు. మర్నాడు ఎవరో మందారం పెట్టారు. ఎవరో దీపం పెట్టారు. వ్యాపార్ విహార్‌లో కిరాణా గోదాములో పనిచేసే ఒకాయన మొక్కుకుంటే పోయిన స్కూటరు దొరికిందట, బస్తాడు కొబ్బరికాయలు తెచ్చి కొట్టించాడు.

"మొదట్లో బట్టల్లేవని గొడవండి. ఇప్పుడు బట్ట తీస్తే గొడవండి. ఏటి చెయ్యమంటారు?" అని ఆయన నన్నే అడిగారు. అంత బాధలోనూ నాకు నవ్వొచ్చింది. నా బొట్టు తుడుచుకోవాలా వద్దా అన్నది కూడా తేలలేదు. ఉంచేశాను.

ఆ బొమ్మ ఎలా ఉందని ఆయన్ని అడిగాను. చూసినవాళ్ళలో ఆయనా ఒకరు. ఆయన గాలిలో చేత్తో ఏదో గీసి, మధ్యలో ఆగి, చెయ్యి జేబులో పెట్టుకున్నారు.

టికెట్ అడిగే చిన్నవాడు

పక్క గోడల మీద పింకీ వేసిన చిన్న బొమ్మలున్నాయి. వాటికి చీరలు కట్టలేదు, ఎందుకంటే వాటిలో చీరలున్నాయి, కాస్త అటూ ఇటూగా. ఒకదాంట్లో ఒకావిడ పై బెర్తు మీద కూర్చుని పాదం కిందికి వేలాడదీసింది. ఆ పాదమే బొమ్మలో సగం. కింద పేపరు చదువుతున్న మగమనిషి ఆ బొటనవేలంత ఉన్నాడు. ఇంకోదాంట్లో ఒకావిడ క్వార్టరు వెనక బకెట్ నీళ్ళతో స్నానం చేస్తోంది. మనకి వీపే కనిపిస్తుంది. మెడ తిప్పి మనవైపు చూస్తోంది. సిగ్గూ లేదు, పిలుపూ లేదు, ఏటి అని అడుగుతున్న ముఖం. ఆ ముఖం ముందు నేను నిజంగానే ఒక అడుగు వెనక్కి వేశాను.

మూడోది నాకు బాగా నచ్చింది. ఒకావిడ పక్కకి తిరిగి పడుకుంది. నడుము, తుంటి, తొడ కొండల వరసలా పోయాయి. ఆ కొండ మీద చీమంత టికెట్ కలెక్టర్ నల్లకోటు వేసుకుని, ఆయాసపడుతూ ఎక్కుతూ, ఆవిణ్ణే టికెట్ అడుగుతున్నాడు. ఆవిడ నిద్రపోతోంది.

నేను నా ధోరణిలో చెప్పుకుపోయాను. ఇలాంటి బొమ్మలు చూసి ఆడదాన్ని ఆటపట్టించారని అనుకుంటాం, నిజానికి ఆటపట్టిస్తున్నది చూసేవాణ్ణి, దొంగచూపు చూద్దామని వచ్చినవాడికి ఎదురుచూపు తగులుతుంది అన్నాను. సూర్నారాయణ గారు చాలాసేపు ఆ టికెట్ కలెక్టర్ని చూశారు. "మన డిపార్టుమెంటు మనిషిని మరీ అంత చిన్నగా ఎయ్యాలేటండి?" అన్నారు. ఆయనకి ఆ బొమ్మ మొత్తంలో అభ్యంతరం అదొక్కటే. నా ఉపన్యాసం కంటే బొమ్మే ఆయన దగ్గర బాగా పనిచేసింది.

పింకీ క్వార్టర్లో భోజనం

శనివారం పింకీ భోజనానికి పిలిచింది. ముప్ఫై దాటిన మనిషి, గోళ్ళలో రంగు, మాటలో సగం హిందీ. పెళ్ళయింది, భర్తకి కోర్బాలో ఉద్యోగం. పార్వతీపురం ఆవిడకి ఈ కబురు అందించే దారి లేదు. ఇంట్లో పెద్దమ్మ అప్పలనర్సమ్మ గారున్నారు. ఆవిడ భర్త లోకో షెడ్డులో పనిచేసి పోయారు, పిల్లల్లేరు, చెల్లెలి కూతురి దగ్గరే ఉంటున్నారు. మన గోంగూరని ఇక్కడ అమారీ అంటారు. ఆవిడ దాన్ని ఎండురొయ్యలతో వండారు. నేను మూడుసార్లు వడ్డించుకున్నాను. పేరు ఏదైతేనేం, పులుపు మనదే.

హాల్లో చీర కట్టిన బొమ్మ ఎవరిదో నేను అడక్కముందే ఆవిడ చెప్పేశారు. "నన్నే ఏసింది బాబూ" అన్నారు.

రెండేళ్ళ కింద ఆవిడకి రొమ్ముకి జబ్బు చేసి, రాయపూర్‌లో ఆపరేషన్ చేసి ఒకటి తీసేశారు. ఆవిడ పెద్దగా దిగులుపడలేదట. దిగులంతా చుట్టూ ఉన్నవాళ్ళది. కుళాయి దగ్గర తన కంటే ముందు వచ్చినవాళ్ళు కూడా తనకే వదిలేస్తున్నారు. భజనలో పక్కన కూర్చున్నవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు. తనని చూడగానే తమ పైటలు సర్దుకుంటున్నారు. ముప్ఫై ఏళ్ళుగా పోట్లాడుకున్న స్నేహితురాళ్ళు ఒక్కరూ పోట్లాడటం లేదు. విసిగిపోయి హాలుకి వెళ్ళడం మానేశారు.

"అందరూ నా కళ్ళల్లోకి సూసి మాటాడతన్నారు బాబూ. ఇంతకాలం బతికినాను, అంతకుముందు నా కళ్ళల్లోకి సూసి మాటాడినోడు ఒక్కడు లేడు."

పింకీ పకపకా నవ్వింది. నాకు నవ్వాలో వద్దో తెలీలేదు. నా చూపు ఎక్కడ పెట్టుకోవాలో అసలు తెలీలేదు, గోంగూర వైపు చూశాను. ఆవిడ అది కూడా గమనించారు.

అప్పుడే పింకీతో అన్నారట, నన్ను ఉన్నదున్నట్టు ఎయ్యి, గోడంత ఎయ్యి, ఒకసారి అందరూ తేరిపార సూసీసి ఇంక మామూలుగా మాటాడతారు అని. ఎలా వేయాలో, ఎక్కడ నవ్వు రావాలో కూడా ఆవిడే చెప్పారట. ఆ నవ్వు ఏమిటో నేనడిగితే ఇద్దరూ చెప్పలేదు. చెబితే సగం పోతుందన్నారు.

ఆవిడ ఆశ ఇంతే. ఇప్పుడా బొమ్మ మీద దుప్పటి, దాని మీద చీర, దాని మీద మందారాలు. "నాకు కొబ్బరికాయలు కొట్టినారటగదా, ఒక సెక్కైనా ఇంటికి పంపలేదేటి?" అని నవ్వారు గానీ, ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. దేవతని చేశాక ఇంక ఎవరు పలకరిస్తారని అన్నారు, లేచి కంచాలు తీసేస్తూ.

గుమ్మం దాకా వచ్చి పింకీ నాతో విడిగా మాట్లాడింది. రేపు ప్రదర్శన మొదలయ్యే టైముకి చీర తీయకపోతే బొమ్మని తనే కోసి దించేస్తుందట. "ఫిర్ కభీ నహీ, అంకుల్. నేనింక బొమ్మలు వెయ్యను" అంది. గట్టిగా అనలేదు. మామూలుగా అంది, అందుకే నాకు భయం వేసింది. ఎలాగైనా ఒప్పిస్తానని మాటిచ్చాను.

ఆదివారం

హాలు నిండిపోయింది. ఆడవాళ్ళంతా ఒక పక్క, మగవాళ్ళంతా ఒక పక్క. ఎదురుగా చీర కట్టుకుని బొమ్మ. నేను మైకు ముందుకి వెళ్ళి రెండు పేజీలు చదివాను. మూడో పేజీ నాలుగుతో అతుక్కుని ఉంది కాబట్టి నోటికొచ్చింది చెప్పాను. ఇది బొమ్మ, మనిషి బొమ్మ, చూడ్డానికే వేసింది, దయచేసి చీర తీయండి అన్నాను.

ముందు వరసలో ఒక పెద్దాయన లేచి, మీకు బొమ్మ కావచ్చు, మాకు మొక్కు తీరింది అన్నారు. ఇంకొకాయన ఇంకా దూరం వెళ్ళారు. విజయనగరం నుంచి వచ్చిన ఈయనగారే వస్తూనే దండం పెట్టి బొట్టు పెట్టుకున్నారు, ఆయనకే తెలిసింది, ఇప్పుడు మాట మారుస్తున్నారు అన్నారు. హాలంతా నా నుదురు వైపు చూసింది. ఆ రోజు బొట్టు లేదు గానీ ఉన్నట్టే అనిపించింది. ఇంతలో పింకీ చేతిసంచీలోంచి కత్తెర తీసింది. సూర్నారాయణ గారు మైకు ఆపేశారు.

వెనక తలుపు దగ్గర నుంచి అప్పలనర్సమ్మ గారు నడిచి వచ్చారు. ఆపరేషనయ్యాక ఆ హాల్లో అడుగుపెట్టడం అదే మొదటిసారి. ఆడవాళ్ళు అలవాటుగా పైటలు సర్దుకున్నారు. ఆవిడ ఎవరినీ పట్టించుకోకుండా చీర దగ్గరికి వెళ్ళి, కొంగు పట్టుకుని చూసి, సూర్నారాయణ గారితో నెమ్మదిగా అన్నారు.

"అమ్మవారంటన్నారు, మంచిదే. ఏ వారం కట్టిన సీర ఇది? ఇన్నాళ్ళు ఒకే సీరతో ఉంచుతారేటి? మార్చాల గదా. మగాళ్ళు బయటికి నడండి."

మా ప్రాంతం వాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ఘటాల పండక్కి అమ్మవారికి చీర మార్చేది ఆడవాళ్ళే. తెర వేస్తారు, మగవాళ్ళు ఉండరు. పూజారి కొడుకైనా సరే ఉండడు. దేవతని చేసింది వాళ్ళే, ఇప్పుడు కాదనడానికి నోరెలా వస్తుంది? ముందుగా సూర్నారాయణ గారే లేచి, స్టేషన్లో జనాన్ని పెట్టెల్లోకి ఎక్కించినట్టు మగవాళ్ళందరినీ వరండాలోకి తోలారు. కళ గురించి ముప్ఫై ఏళ్ళుగా రాస్తున్న నన్ను కూడా తోలారు. తలుపు పడింది.

వరండాలో అల్లం టీ ఇచ్చారు. తలుపు వైపే చూస్తూ తాగుతున్నాం. లోపల చప్పుడు లేదు. పిన్నులు తీస్తున్నారు, చీర జారింది, దుప్పటి తీస్తున్నారు అని నాలో నేను లెక్కవేసుకుంటున్నాను. ఆ తర్వాత కూడా చప్పుడు లేదు. పెద్దాయన నా వైపు చూశారు. నేను ఆవిడ గురించి భయపడ్డాను. అందరూ చూసి, తల దించుకుని, పాపం అని ఊరుకుంటే ఆవిడ ఇంటికెలా వెళ్తుంది?

అప్పుడు ఎవరో ఒకావిడ కిసుక్కుమంది. ఆపుకోబోయి ఆపుకోలేక పెద్దగా నవ్వింది. ఇంకొకావిడ అందుకుంది. తర్వాత హాలంతా ఒకటే నవ్వు, కుర్చీలు జరుగుతున్న చప్పుడు, మధ్యలో ఎవరో వెక్కి వెక్కి ఏడవడం, ఆ ఏడుపులోంచి మళ్ళీ నవ్వు. నా కళ్ళు తడిశాయి. కండువాతో తుడుచుకుంటే పక్కనున్నాయన టీ కారంగా ఉందా అని అడిగారు.

చాలాసేపటికి పింకీ తలుపు ఓరగా తీసి తల బయటపెట్టింది. కొత్త చీర పంపమంటారా అని సూర్నారాయణ గారు అడిగారు. అక్కర్లేదని అంది. ఈ రోజంతా ఆడవాళ్ళే చూస్తారట. రేపటి నుంచి మగవాళ్ళు భార్యల్ని తోడు తీసుకుని రావచ్చట. లోపల అలా తీర్మానమైంది. నాకు ఆ సాయంత్రమే రైలు. మా ఆవిడ విజయనగరంలో ఉంది.

పింకీ లోపలికి వెళ్ళి బతిమాలినట్టుంది. అప్పలనర్సమ్మ గారు గుమ్మంలోకి వచ్చారు. ముఖం కడుక్కున్నట్టు తేటగా ఉంది.

"మీరు దూరం నుంచి వచ్చినారు, రండి. ఒక్క మాట బాబూ. సూసినాక ఇందులో ఇది ఉంది, దీని మీనింగ్ ఇది అని ఎక్కడా సెప్పకూడదు, రాయకూడదు. నా సంగతి రాసుకోండి, పర్లేదు. బొమ్మ మాత్రం వచ్చి సూసినోళ్ళది."

నేను వెంటనే ఒప్పుకోలేదు. ఒక బొమ్మ చూసి నోరు మూసుకుని ఊరుకోవడం నా జీవితంలో ఎన్నడూ జరగలేదు. నా బతుకుతెరువే అది. చివరికి సరేనమ్మా అని, అతుక్కుపోయిన కాగితాలు సూర్నారాయణ గారి చేతిలో పెట్టి లోపలికి వెళ్ళాను.

చూశాను. రైలు టైము దగ్గరపడేదాకా చూశాను. నా వెనక ఆడవాళ్ళు అప్పుడే బొమ్మ సంగతి వదిలేశారు. అప్పలనర్సమ్మ గారి చుట్టూ చేరారు. పండక్కి పట్టుకెళ్ళిన ఇడ్లీ పాత్ర రెండేళ్ళయినా తిరిగివ్వలేదని సూర్నారాయణ గారి భార్య ఆవిణ్ణి దులిపేస్తున్నారు, అసలు అది మీది కాదు మాదేనని ఈవిడ గొంతు పెంచి ఎదురు తిరుగుతున్నారు.